ఊళ్లో ఉన్న వీరగల్లుని ఫోన్‌తో త్రీడీ చేసి హిస్టరీ క్లాసులోకి తేవడం ఎలా

సోషల్ టీచర్లు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే. "మీరు క్లాసులో వీరగల్లుని డిజిటల్ ప్యానెల్ మీద అన్ని వైపులా తిప్పి చూపించారంట కదా, అదెలా చేశారు, ఏ యాప్, ఎంత ఖర్చయ్యింది" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్తుంటే మధ్యలో ఏదో ఒక మెట్టు జారిపోతోంది, వాళ్లు మిట్టమధ్యాహ్నం రాయి దగ్గరికెళ్లి నలభై ఫోటోలు తీసుకొచ్చి "ముద్దలాగా వచ్చింది సార్" అంటున్నారు. అందుకే మొత్తం వరసగా రాసేస్తున్నా, ఇది చదివాక మీరే చేసుకోగలగాలి.

కాకతీయుల పాఠం చెప్పేటప్పుడు పిల్లలకి ఓరుగల్లు దూరం, రుద్రమదేవి ఇంకా దూరం, కానీ బడికొచ్చే దారిలో చెరువు కట్ట మీద కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ ఉన్న రాయిని రోజూ చూస్తారు, దాని మీద బ్యాగులు పెట్టి ఆడుకుంటారు. అది ఒక వీరుడి గుర్తుగా నిలబెట్టిన వీరగల్లని, అది కూడా చరిత్రేనని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆ రాయి క్లాసులోకి వస్తే పాఠం నడిచే తీరే మారిపోతుంది, నేను కళ్లారా చూశాను.

కావాల్సినవి

- ఏదో ఒక ఆండ్రాయిడ్ ఫోన్ లేదా ఐఫోన్. గత నాలుగైదేళ్లలో కొన్నదైతే చాలు. ఖరీదైన ఐఫోన్లలో ఉండే లైడార్ సెన్సార్ దీనికి అక్కర్లేదు, మనం మామూలు ఫోటోలతోనే చేస్తున్నాం.
- ఫోటోలనుంచి త్రీడీ మోడల్ చేసే యాప్: పాలీక్యామ్, కిరి ఇంజిన్, రియాలిటీస్కాన్, ఈ మూడిట్లో ఏదైనా. ఉచితంగా ఎన్ని ఫోటోలు, ఎన్ని మోడల్స్ అన్నది మారుతూ ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే చూసుకోండి. డబ్బు కట్టాల్సిన అవసరం నాకైతే రాలేదు.
- 15 సెంటీమీటర్ల స్కూలు స్కేలు, కొలిచే టేపు.
- మెత్తటి చీపురు లేదా పెయింట్ బ్రష్ (కొత్తది), పొడి గుడ్డ.
- పెద్ద దుప్పటి లేదా పంచె, నీడ కోసం.
- ఒక టార్చిలైటు.
- వైఫై ఉన్న చోటు. ఫోటో ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే 80 ఫోటోలకి 320 ఎంబీ అప్‌లోడ్ అవ్వాలి, ఊరి సిగ్నల్‌తో కూర్చుంటే సాయంత్రమైపోతుంది.
- కంప్యూటర్ ఉంటే, త్రీడీ మోడల్స్‌ని చూసి దిద్దుకునే బ్లెండర్ సాఫ్ట్‌వేర్, ఇది పూర్తిగా ఉచితం. లేకపోయినా పని జరుగుతుంది, కానీ శాసనం ఉన్న రాయి అయితే ఇది ఉండడం చాలా మేలు.

వెళ్లేముందు: ఏ రాయి, ఎవరి అనుమతి

వీరగల్లు అంటే పోరాటంలో చనిపోయినవాళ్ల కోసం నిలబెట్టిన రాయి. ఆవుల మందని తోలుకుపోతుంటే అడ్డుపడినవాళ్లు, ఊరిని కాపాడబోయి పోయినవాళ్లు, పులితోనో పందితోనో కలబడినవాళ్లు, ఇలా చాలామందికి వేశారు. కొన్ని రాళ్లలో మూడు అంతస్తులుంటాయి, కింద యుద్ధం, మధ్యలో వీరుణ్ణి అప్సరసలు తీసుకెళ్లడం, పైన శివలింగం ముందు కూర్చోవడం. చాలా రాళ్లలో ఒక్క మనిషి బొమ్మే ఉంటుంది. పైన సూర్యచంద్రులు కనిపిస్తే, సూర్యుడూ చంద్రుడూ ఉన్నంతకాలం ఈ పేరు నిలవాలని అర్థం, ఆచంద్రార్కం అంటారే అది. చిత్తూరు, కడప వైపు బాణులు, వైదుంబులు అనే పాత రాజవంశాల కాలం నాటివి శాసనాలతో సహా దొరుకుతాయి. పల్నాడు వాళ్లకైతే కారెంపూడి వీరుల గుడి గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

మీ ఊళ్లో ఆ రాయికి ఇంకో పేరుండొచ్చు, ఏదో దేవుడి పేరో అమ్మవారి పేరో పెట్టి పసుపు కుంకుమ పూసి కొలుస్తూ ఉండొచ్చు. అక్కడికెళ్లి "ఇది దేవుడు కాదండీ వీరగల్లు" అనొద్దు. వాళ్ల పూజ కూడా ఆ రాయి చరిత్రలో భాగమే. పూజారినో ఊరిపెద్దనో ముందు రోజే కలిసి, బడి పిల్లల కోసం ఫోటోలు తీసుకుంటామని, దుమ్ము దులపడం తప్ప రాయిని ముట్టుకోబోమని చెప్పండి, చెప్పులు విప్పి వెళ్లండి. నాకింతవరకు ఎవరూ వద్దనలేదు, అడక్కుండా వెళ్లినప్పుడు మాత్రం ఒకసారి గట్టిగానే మాటపడ్డాను, తప్పు నాదే.

కేంద్ర పురావస్తు శాఖ వాళ్ల నీలం బోర్డు ఉన్నచోట ఫోన్‌తో మామూలు ఫోటోలకి సాధారణంగా అభ్యంతరం ఉండదు, కానీ స్టాండు పెట్టాలన్నా డ్రోన్ ఎగరెయ్యాలన్నా అనుమతి తప్పనిసరి. అక్కడి సిబ్బందిని ఒక మాట అడిగి మొదలుపెట్టండి.

రాయి మీద ఎప్పుడూ చెయ్యకూడనివి

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి స్టెప్పులకంటే ముందే రాస్తున్నా. అక్షరాలు కనబడాలని సుద్దపొడి, బియ్యప్పిండి, మైదా, నూనె పూసేవాళ్లని చాలామందిని చూశాను, కొందరు చాక్‌పీసుతో అక్షరాల మీద గీస్తారు. దయచేసి చెయ్యొద్దు. పొడి సన్నటి పగుళ్లలోకి దిగి తేమని పట్టి ఉంచుతుంది, చాక్‌పీసుతో గీస్తే మీరు చదివిందే రాయి మీద రాసినట్టవుతుంది, తర్వాత వచ్చినవాళ్లు మీ తప్పునే చదువుతారు. నీళ్లు పోసి వైర్ బ్రష్‌తో రుద్దడం అయితే ఘోరం, వందల ఏళ్లు వానకి తట్టుకున్న గీత ఒక్క పూటలో పోతుంది. రాయి సగం భూమిలో ఉంటే తవ్వొద్దు. పైకి కనిపించినంతే తీసుకోండి. చుట్టుపక్కల పాత నాణేల్లాంటివి ఏవైనా పిల్లలకి దొరికితే దాచుకోనివ్వకండి, దొరికిన నిధి సంగతి కలెక్టర్‌కి తెలియజెయ్యాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది.

పొడి చీపురుతో ఆకులూ దుమ్మూ మెల్లగా దులపండి, అంతే.

ఇక స్టెప్పులు

1. టైం చూసుకోండి. మబ్బు పట్టిన రోజు బంగారం. లేదంటే పొద్దున్నే ఎండ రాయి మీదికి రాకముందు వెళ్లండి. ఎండలో తీస్తే నీడలన్నీ మోడల్ మీద రంగులాగా అతుక్కుపోతాయి, తర్వాత అది గుంటో నీడో చెప్పలేరు. తప్పదు ఎండలోనే తియ్యాలంటే ఇద్దరు పిల్లల చేత దుప్పటి పట్టించి రాయి మొత్తం నీడలో ఉండేలా చూడండి, సగం ఎండ సగం నీడ మాత్రం అస్సలు వద్దు. వాన పడి తడిగా మెరుస్తున్నా ఆ రోజుకి వదిలెయ్యండి, మెరుపు యాప్‌ని తికమక పెడుతుంది.

2. కదిలేవన్నీ పక్కకి జరపండి. రాయికి కట్టిన గుడ్డ గాలికి ఊగుతుంటే, పైన వేపకొమ్మ వాలి ఉంటే, ఆ భాగం ముద్దవుతుంది. పూలదండ ఉంటే పూజారి గారినే తియ్యమని అడగండి, మీరు తియ్యకండి. ఫ్రేములో పిల్లలు ఉండకూడదు, కదులుతారు కాబట్టి మాత్రమే కాదు, రేపు మోడల్ నెట్‌లో పెడితే వాళ్ల ముఖాలు అందులో ఉండకూడదు కాబట్టి.

3. స్కేలు పెట్టండి. రాయికి ఆనకుండా దాని పాదం దగ్గర నేల మీద 15 సెంటీమీటర్ల స్కేలు పెట్టి, మొత్తం ఫోటోలు అయ్యేదాకా కదపకండి. టేపుతో రాయి ఎత్తు, వెడల్పు, మందం కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. ఈ కొలతలు లేకపోతే మోడల్ బాగానే వస్తుంది కానీ రాయి అరచేయంత ఉందో మనిషంత ఉందో దానికి తెలీదు.

4. ఫోన్ సెట్ చెయ్యండి. లెన్సు తుడవండి (నవ్వకండి, సగం మసకలు వేలిముద్రలవల్లే). జూమ్ వద్దు, వైడ్ లెన్సు వద్దు, మామూలు 1ఎక్స్ మీదే ఉంచండి. ఫ్లాష్ ఆఫ్. పోర్ట్రెయిట్ మోడ్, బ్యూటీ ఫిల్టర్, ఏఐ మెరుగులు అన్నీ ఆఫ్. చాలా ఫోన్లలో కెమెరా తెరిచి రాయి మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి, అలా లాక్ చేసి తీస్తే అన్ని ఫోటోలూ ఒకే వెలుగులో వస్తాయి. లొకేషన్ ట్యాగ్ కూడా ఆఫ్ చెయ్యండి, ఎందుకో కింద చెప్తాను.

5. మూడు చుట్లు తిరగండి. మొత్తం పనికి ప్రాణం ఇదే. మీరు తిరగాలి, రాయి కాదు. మీటరు, మీటరున్నర దూరంలో నిలబడి ఒక ఫోటో, పక్కకి ఒక అడుగు, ఇంకో ఫోటో, ఇలా చుట్టూ రండి. ఒక చుట్టుకి 25 నుంచి 35 ఫోటోలు వస్తాయి. ప్రతి ఫోటోలో ముందు ఫోటోలోది కనీసం నాలుగింట మూడు వంతులు మళ్లీ కనిపించాలి. యాప్ చేసే పని అంతా ఇదే, ఒక ఫోటోలో ఉన్న మచ్చ పక్క ఫోటోలో ఎంత జరిగిందో చూసి అది ఎంత దూరంలో ఉందో లెక్కకడుతుంది, మన రెండు కళ్లు చేసే పనే. ఒకేచోట నిలబడి ఫోన్‌ని అటూ ఇటూ తిప్పితే దానికి లెక్క అందదు, కాళ్లు కదలాల్సిందే.

మొదటి చుట్టు ఛాతీ ఎత్తులో, రెండోది మోకాలి ఎత్తులో కొంచెం పైకి చూస్తూ, మూడోది చేతులు పైకెత్తి కిందకి చూస్తూ. రాయి పై అంచు చాలామందికి మిస్సయ్యేది ఈ మూడో చుట్టు సరిగ్గా తియ్యకే. గోడకి ఆనించిన రాయి అయితే ముందువైపు అర్ధచంద్రాకారంలో తిరిగితే చాలు, వెనకవైపు లేదని నోటులో రాసుకోండి.

6. దగ్గరికి వెళ్లండి, కానీ మెల్లగా. శాసనం అక్షరాలు, ముఖం, ఆయుధం ఉన్నచోట అర మీటరు దూరంనుంచి వరసలు వరసలుగా, పేజీ చదివినట్టు ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందకి తియ్యండి. ఒక్కసారిగా మీటరున్నర నుంచి అరమీటరుకి దూకితే యాప్‌కి ఈ రెండు సెట్లూ ఒకే రాయివని తెలీదు, దగ్గరవి పక్కన పడేస్తుంది. మధ్యలో మీటరు దూరంలో ఓ పది, ముప్పావు మీటరులో ఓ పది తియ్యండి, అవి మెట్లలాగా పనిచేస్తాయి.

7. అక్కడే చూసుకోండి. ఇంటికొచ్చాక కాదు, అక్కడే గ్యాలరీ తెరిచి ఒక్కోటి పెద్దది చేసి చూడండి. మసకగా ఉన్నవి డిలీట్ చేసి ఆ కోణంనుంచి మళ్లీ తియ్యండి. ఒక్క మసక ఫోటో నాలుగు మంచి ఫోటోల పని చెడగొడుతుంది. మొత్తం 80 నుంచి 120 మంచి ఫోటోలు ఉంటే సరిపోతుంది, మీరు ఎంచుకున్న యాప్ ఉచితంలో అంతకంటే తక్కువే తీసుకుంటానంటే దగ్గర ఫోటోలు ఉంచి వెనకవైపువి తగ్గించండి.

8. టార్చిలైటు ఫోటోలు వేరుగా. ఇది త్రీడీ కోసం కాదు, రెండూ కలపకండి. సాయంత్రం చీకటి పడేవేళ ఫోన్‌ని ఒకేచోట కదలకుండా పెట్టి (ఇటుకల మీదైనా సరే) టార్చిని రాయి అంచు దగ్గర దాదాపు పక్కకి పడుకోబెట్టినట్టు పట్టుకోండి. వెలుగు అక్షరాల మీదుగా జారుతూ వెళ్తుంది, గంటల తరబడి చూసినా కనిపించని గీతలు నీడతో పైకి లేస్తాయి. ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, పైనుంచి, కిందనుంచి, మూలలనుంచి, ఇలా ఎనిమిది ఫోటోలు. సుద్దపొడి అక్కర్లేదు అని నేను అంత గట్టిగా అంటున్నది దీనివల్లే. మీ ఊళ్లో నెట్ అసలు లేదు, కంప్యూటర్ లేదు అనుకుంటే ఈ ఒక్క స్టెప్ చేసి ఆ ఎనిమిది ఫోటోలు ప్రింటు తీసి క్లాసులో పంచినా పాఠం పండుతుంది.

9. అప్‌లోడ్, ఎదురుచూపు. వైఫైలో యాప్‌కి ఫోటోలన్నీ ఇచ్చి వదిలెయ్యండి. కొన్ని నిమిషాల నుంచి ఒకట్రెండు గంటలు పట్టొచ్చు. వచ్చాక చుట్టూ ఉన్న గడ్డి, గోడ కత్తిరించే ఆప్షన్ ఉంటుంది, కత్తిరించండి, కానీ స్కేలుని మాత్రం ఒక కాపీలో ఉంచుకోండి. జీఎల్‌బీ ఫార్మాట్‌లో దించుకుంటే చాలాచోట్ల తెరుచుకుంటుంది.

10. క్లాసు కోసం తేలిక చెయ్యండి. మోడల్ 100 ఎంబీ దాటితే స్కూల్ ప్యానెల్ మీద ఇరుక్కుపోతుంది. బ్లెండర్లో డెసిమేట్ అనే ఆప్షన్‌తో తగ్గించి 20, 30 ఎంబీకి తెచ్చుకోండి, అసలుది వేరుగా దాచండి. ఇది కష్టమనిపిస్తే యాప్‌లో మోడల్‌ని మెల్లగా తిప్పుతూ స్క్రీన్ రికార్డింగ్ చేసుకోండి, అర నిమిషం వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే ఏ టీవీలోనైనా ఆడుతుంది. క్లాసు మధ్యలో నెట్ పోయి పిల్లలందరూ గుండ్రంగా తిరిగే గుర్తుని చూస్తూ కూర్చున్న రోజు నాకుంది, అప్పటినుంచి వీడియో లేకుండా నేను వెళ్లడంలేదు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

మొదట కొలత. మోడల్‌లో స్కేలు ఎంత పొడవు చూపిస్తోందో చూడండి. బ్లెండర్‌లో 0.6 మీటర్లు చూపించింది అనుకుందాం, అసలైతే 0.15 ఉండాలి, అంటే మొత్తాన్ని 0.25తో గుణించి తగ్గించాలి. అలా సరిచేశాక రాయి ఎత్తు కొలిచి మీ టేపు కొలతతో పోల్చండి. మీటరు ఎత్తున్న రాయికి ఒకట్రెండు సెంటీమీటర్లు తేడా ఉంటే క్లాసుకి పర్లేదు. పది సెంటీమీటర్లు తేడా అంటే ఎక్కడో ఒక చుట్టు తప్పుగా అతుక్కుంది.

తర్వాత అంచులు. ఒకే కత్తికి రెండు అంచులు పక్కపక్కనే కనిపిస్తున్నాయా, ముఖం కరిగిన మైనంలాగా ఉందా, అలా ఉంటే దుప్పటి కదిలిందో వెలుగు మారిందో ఫోటోలు చాల్లేదో. మళ్లీ వెళ్లి తియ్యడమే మందు, సాఫ్ట్‌వేర్‌లో దిద్దే ప్రయత్నం చెయ్యకండి.

ముఖ్యమైంది మూడోది. ఫోటో లేనిచోట చాలా యాప్‌లు నున్నగా పూడ్చేస్తాయి. చూడ్డానికి బావుంటుంది, కానీ అది రాయి కాదు, యాప్ ఊహ. మోడల్‌లో అనుమానంగా నున్నగా ఉన్న ప్రతి చోటునీ మీ అసలు ఫోటోలతో పోల్చి, ఫోటోలో లేకపోతే పిల్లలకి "ఇక్కడ మనకి తెలీదు" అని చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పగలగడం కోసమే ఇదంతా చేస్తున్నామని నేననుకుంటాను. సినిమా సెట్టింగు చూసినప్పుడు ఏది నిజమో ఏది కల్పనో పిల్లలకి తెలీదు, ఇక్కడ మనం వేలు పెట్టి చూపించగలం.

రంగు తీసేసి చూడండి

దీని గురించి ఎవరూ అడగరు కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. రాయి మీద పసుపు, కుంకుమ, సున్నం, కొన్నిచోట్ల ఎనామిల్ పెయింటు కూడా ఉంటాయి, కళ్లు ఆ రంగుల దగ్గరే ఆగిపోతాయి. మోడల్‌కి రంగు వేరు, ఆకారం వేరు. బ్లెండర్లో సాలిడ్ వ్యూలో మ్యాట్‌క్యాప్ ఎంచుకుని, క్యావిటీ అనేదాన్ని ఆన్ చెయ్యండి. రంగంతా పోయి బూడిదరంగు రాయి మిగులుతుంది, గుంటలూ గట్లూ మాత్రమే కనిపిస్తాయి. కంప్యూటర్ లేనివాళ్లు త్రీడీ మోడల్స్ పెట్టుకునే వెబ్‌సైటు స్కెచ్‌ఫ్యాబ్‌లో ప్రైవేటుగా పెట్టి (ఉచిత ఖాతాలో అలా కుదురుతుందో లేదో ముందే చూసుకోండి) అందులో మోడల్ ఇన్‌స్పెక్టర్ తెరిస్తే అక్కడా మ్యాట్‌క్యాప్ ఉంటుంది. నేను మొదటిసారి ఇలా చూసినప్పుడు వీరుడి కాళ్ల దగ్గర ఏదో జంతువు ఉందని తెలిసింది, అప్పటికి ఆ రాయిని ఎన్నోసార్లు చూసినవాణ్ణి, పసుపు కింద అది కనబడనే లేదు. ఎవరి పూజకీ అడ్డుపడకుండా, ఒక్క చుక్క నీళ్లు పొయ్యకుండా.

శాసనం ఉంటే తేదీ పట్టుకోండి

మొత్తం చదవాలని కూర్చోకండి. క్రీస్తుశకం ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి లిపి మనకి అంత తేలిగ్గా అందదు. కాకతీయుల కాలానివైతే కొన్ని అక్షరాలు గుర్తుపట్టొచ్చు. చాలా శాసనాలు "స్వస్తి శ్రీ" అని మొదలవుతాయి, ముందు ఆ "శ్రీ"ని వెతకమని పిల్లలకి చెప్పండి, దొరికినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

తర్వాత శకవర్షం. శకవర్షానికి 78 కలిపితే మన క్రీస్తుశకం వస్తుంది (ఏడాది చివర్లో పుష్యం, మాఘం అలా వస్తే 79). నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం రుద్రమదేవి మరణం గురించి చెప్తుంది, అందులో శకం 1211, విరోధి సంవత్సరం. 1211కి 78 కలిపితే 1289. ఇప్పుడు సరిచూసుకోవడం ఎలాగంటే, తెలుగు సంవత్సరాలు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, మనకి విరోధి 2009 ఉగాదికి వచ్చింది. 2009 లోంచి 1289 తీస్తే 720, అంటే సరిగ్గా 12 అరవైలు. సరిపోయింది! గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం శకం 1166, క్రోధి. అంటే 1244. క్రోధి 2024లో వచ్చింది, తేడా 780, 13 అరవైలు. ఈ లెక్క పిల్లల చేత చేయించండి, లెక్కల మాస్టారు కూడా సంతోషిస్తారు. ఒక ఏడాది తేడా వస్తే కంగారుపడకండి, జరిగిపోయిన శకవర్షం చెప్పారా జరుగుతున్నది చెప్పారా అన్నదాన్నిబట్టి అలా వస్తుంది. అంకెల బదులు మాటలుంటే, అంటే చంద్రుడంటే ఒకటి, కళ్లంటే రెండు అలా, వాటిని కుడినుంచి ఎడమకి చదవాలని గుర్తుంచుకోండి.

శాసనం ఇంతకుముందే ఎవరైనా చదివి అచ్చువేశారేమో కూడా చూడండి. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, వాళ్లు దశాబ్దాలుగా మన ఊళ్ల శాసనాలకి కాగితం మీద అచ్చులు తీసి సంపుటాలుగా వేశారు, జిల్లావారీ శాసన సంపుటాలు కూడా ఉన్నాయి. జిల్లా గ్రంథాలయంలో అడగండి.

ఏఐతో జాగ్రత్త

"ఫోటో పెడితే ఏఐ చదివేస్తుందట కదా" అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. నేను ఒకే రాయి ఫోటో రెండుసార్లు ఇచ్చి చూశాను, రెండుసార్లూ రెండు వేర్వేరు రాజుల పేర్లు చెప్పింది, రెండుసార్లూ ఎక్కడా తడబడకుండా చెప్పింది. పాత తెలుగు లిపి విషయంలో దాన్ని నమ్మకండి. విరిగిన ముఖాన్ని పూర్తిచేసి ఇమ్మని, వీరుడు మాట్లాడినట్టు వీడియో చెయ్యమని కూడా అడగొద్దు. పిల్లల మనసులో ఆ ముఖమే నిలిచిపోతుంది, తర్వాత రాయిని చూసినా ఆ బొమ్మే కనిపిస్తుంది. దాన్ని వాడుకోవాలంటే మీరు తయారుచేసిన ప్రశ్నలని సులువైన మాటల్లోకి మార్చుకోవడానికి, వర్క్‌షీట్ వరసగా పెట్టుకోవడానికి వాడుకోండి, అక్కడ బాగానే సాయపడుతుంది.

45 నిమిషాల పీరియడ్ ఇలా నడపండి

మొదటి పది నిమిషాలు రంగు లేని మోడల్ చూపించి ఏమీ చెప్పకండి. పేరు చెప్పకండి, కాలం చెప్పకండి. ఏ చేతిలో ఏముంది, పైన గుండ్రంగా ఉన్నదేంటి, కాళ్ల దగ్గరేముంది, బట్టలెలా కట్టుకున్నాడు అని అడుగుతూ తిప్పుతూ పోండి. వెనకబెంచీలో ఎప్పుడూ నోరు తెరవని పిల్లాడు "సార్ ఎడంవైపు తిప్పండి" అంటాడు చూడండి, ఆ నిమిషం కోసం ఎంత కష్టపడినా ఫర్వాలేదనిపిస్తుంది.

తర్వాత బోర్డు మీద మూడు గళ్లు గీయండి: రాయి చెప్పేది, ఊరు చెప్పేది, మనం ఊహించేది. పిల్లలు చెప్పిన ప్రతి మాటా ఈ మూడిట్లో ఎక్కడికి వెళ్తుందో వాళ్లే చెప్పాలి. కత్తి ఉంది, ఇది రాయి చెప్పేది. ఆవులకోసం చనిపోయాడంట, మా నాయనమ్మ చెప్పింది, ఇది ఊరు చెప్పేది. రాజుగారి సైనికుడై ఉంటాడు, ఇది ఊహ. పదిహేను ఇరవై నిమిషాలు ఈ వాదనే నడుస్తుంది, నడవనివ్వండి, మీరు తీర్పు చెప్పకండి. చివరి పది నిమిషాల్లో పాఠ్యపుస్తకంలో ఆ కాలం గురించి ఏముందో దీనికి కలపండి.

ఇంటిపని: ఇంట్లో పెద్దవాళ్లని ఆ రాయి గురించి అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకురావడం. ఒక్క ప్రశ్న తప్పకుండా అడగమనండి, "ఇది నీకెవరు చెప్పారు అవ్వా?" అని. రెండు మూడు ఇళ్లనుంచి రెండు మూడు కథలు వస్తాయి, అవి కలవవు, ఎందుకు కలవలేదో మర్నాడు మాట్లాడుకోవచ్చు.

మీ ఊళ్లో అసలు ఏ రాయీ లేదంటే బాధపడకండి. పాత బావి, బురుజు, గుడి మెట్టు, నూరేళ్లనాటి రోకలి, ధాన్యం కొలిచే కుంచం, ఇవన్నీ ఇదే పద్ధతిలో తియ్యొచ్చు. చిన్న వస్తువైతే బల్ల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి దాని మీద పెట్టండి, పేపర్ మీది అక్షరాలు యాప్‌కి గుర్తులుగా పనికొస్తాయి. ఇత్తడి, గాజు, బాగా మెరిసేవి మాత్రం రావు, వాటితో టైం వేస్టు చేసుకోకండి. ఇంకేమీ కుదరకపోతే గూగుల్ ఎర్త్ తెరిచి ఓరుగల్లు కోట చూపించండి, ఆ గుండ్రటి ప్రాకారాలు పైనుంచి ఇప్పటికీ తెలుస్తాయి. లేదా నాగార్జునకొండ. 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వి, కొన్ని కట్టడాలని కొండ మీదికీ దగ్గర్లోని అనుపు అనే చోటికీ తరలించి, మిగతా లోయనంతా సాగర్ నీళ్లకి వదిలేసిన చోటు అది. నీళ్ల మధ్య ఆ దీవిని చూపించి కింద ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేదని చెప్తే, పిల్లలు చాలాసేపు మాట్లాడరు.

నెట్‌లో పెట్టేముందు

లొకేషన్ ఎందుకు ఆఫ్ చెయ్యమన్నానంటే, గుప్తనిధులున్నాయని పాత రాళ్లు పెకిలించేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. పొలాల్లో కాపలా లేకుండా ఉన్న రాయి ఫోటోతోపాటు దాని కచ్చితమైన చోటు కూడా నెట్‌లో పెడితే మనమే దారి చూపించినట్టు. మండలం పేరు వరకు చాలు. మోడల్‌ని ప్రైవేటుగానే ఉంచి, అడిగినవాళ్లకి లింకు ఇవ్వండి. రాయి గురించి ఎవరూ నమోదు చెయ్యలేదని అనిపిస్తే కొలతలు, టార్చి ఫోటోలు, మోడల్ కలిపి మీ రాష్ట్ర పురావస్తు శాఖకి పంపండి, వాళ్లకి మాత్రం కచ్చితమైన చోటు చెప్పండి.

అసలు ఫోటోలన్నీ, తేదీ వేసిన ఫోల్డర్‌లో, కనీసం రెండుచోట్ల దాచండి. యాప్‌లు మారిపోతాయి, ఖాతాలు పోతాయి, ఫోటోలుంటే మోడల్ మళ్లీ చేసుకోవచ్చు. వచ్చే ఏడాది అదే నెలలో అదే రాయిని మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త పగులు వచ్చిందా, ఎవరైనా పెయింటు వేశారా, ఏదైనా ముక్క ఊడిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఆ పనిని పై తరగతికి వెళ్లిన అదే పిల్లలకి అప్పజెప్పండి, ఎక్కడ నిలబడి తియ్యాలో వాళ్లకి గుర్తుంటుంది.